వాగు ఒడ్డున స్టేషన్

మహారాష్ట్ర అంచున ఉన్న సిరోంచలో తెలుగు మాట్లాడని ఇల్లు తక్కువ. తెలుగు చదవగలిగిన ఇల్లు అంతకన్నా తక్కువ. బడి మరాఠీలో నడిచేది, తహసీలు కాగితాలు మరాఠీలో వచ్చేవి, బస్సు ముందు పెట్టే ఊరి పేరు పలక కూడా ఆ లిపిలోనే ఉండేది. ఇంట్లో, పొలంలో, పోట్లాటలో మాత్రం తెలుగు. అందువల్ల గోదావరి అవతల కాళేశ్వరం నుంచి పడవలో వచ్చే తెలుగు దినపత్రికను ఒకరు పైకి చదివితే పదిమంది వినాల్సిందే. ఎనభైల నడిమి సంవత్సరాల్లో ఆ చదివే మనిషిని నేను.

పత్రిక డెస్కులో ఏళ్ళ తరబడి ఇతరులు పంపిన వార్తలు దిద్ది విసుగెత్తి, వార్త పుట్టే చోటికి పంపమని నేనే అడిగాను. సరిహద్దుకు పోతానన్నవాడు నేనొక్కణ్ణే కాబట్టి వెంటనే పంపించారు. అడిగి వేయించుకున్న బదిలీ కనుక బాధ కలిగినా చెప్పుకోవడానికి లేదు. ఒక గది, ఒక సైకిలు, ఒక కిరోసిన్ స్టవ్వు. ఆ స్టవ్వు వెలిగించిన రోజులు మొదట్లో చాలా తక్కువ.

వార్తలు కూడా తక్కువే. వానాకాలంలో భామ్రాగడ్‌కు దారి తెగిందని, ఎండాకాలంలో తునికాకు కోత మొదలైందని రాసేవాణ్ణి. జిల్లా కచేరీ ఉన్న గడ్చిరోలికి పొద్దున బస్సెక్కితే పొద్దు గూకేసరికి చేరేవాళ్ళం. నేను పంపిన వార్త నాలుగైదు రోజులకు అచ్చయి, మళ్ళీ పడవెక్కి నా చేతికే వచ్చేది. నోటుబుక్కు పట్టుకు తిరిగే కొత్త మనిషిని ఆ అడవి ఊళ్ళలో ఎవరూ తొందరగా దగ్గరికి రానివ్వరు. అటవీశాఖ వాడో, పోలీసు మనిషో అనుకుంటారు. నేను వెళ్ళి కూర్చుంటే అక్కడ నడుస్తున్న మాట ఆగిపోయేది. వానల గురించి రెండు ముక్కలు మాట్లాడి ఒక్కొక్కరే లేచేవాళ్ళు.

లేవకుండా ఉండే చోటు ఒకటే. బస్టాండు మూల మీద భార్యాభర్తలు నడిపే చాయ్ హోటలు. భర్త పొయ్యి దగ్గర, ఆమె గిరాకీల దగ్గర. నాకన్నా నాలుగైదేళ్ళు పెద్దదై ఉంటుంది, అక్కా అని పిలిచేవాణ్ణి. రెండు పూటలా నా తిండి అక్కడే. పేపరు రాగానే ఆ బెంచీ మీదే చదువుకునేవాణ్ణి. వచ్చిన మొదటి నెలలోనే ఆమె అడిగేసింది.

"సారూ, నీ లోపల నువ్వు చదువుకుంటే మాకేం లాభం? జర నోరు తెరువు."

అప్పటి నుంచి మధ్యాహ్నం రెండు మూడు వార్తలు పైకి చదవడం అలవాటైంది. వినేవాళ్ళు ముగ్గురో నలుగురో. వాళ్ళలో ఇద్దరు అక్క, ఆమె భర్త.

ఒక ఏడాది వానలు వెనకపట్టాక రైలు మార్గం సర్వేకు మనుషులు వచ్చారు. జిమల్‌గట్ట వైపు పోయే దారిలో, ఊరికి ఆరేడు మైళ్ళ అవతల ఒక వాగు ఉంది. దాని ఒడ్డున డేరాలు వేశారు. మూడు కాళ్ళ దుర్భిణి, గొలుసులు, ఎరుపు తెలుపు చారల కర్రలు. వారం తిరగకముందే ఊరంతా ఒక మాట స్థిరపడిపోయింది. డేరాలు వేసిన చోటే స్టేషన్.

బయటివాళ్ళకు ఇది తొందరపాటుగా కనిపించవచ్చు. ఆ అడవిలో మాత్రం ఊళ్ళు నిజంగా అట్లాగే పుట్టాయి. కలప కొట్టించడానికి వచ్చిన అధికారి డేరా వేస్తే, దాని పక్కన డిపో వచ్చేది. డిపో పక్కన కొట్టు, కొట్టు పక్కన సంత, సంత చుట్టూ ఇళ్ళు. అక్క మామగారు ఒకప్పుడు అట్లాంటి డేరాల దగ్గరే ఉప్పూ పొగాకూ అమ్మాడట. ఆ చోటు ఇప్పుడు బడీ దవాఖానా ఉన్న ఊరు. డేరా అంటే ఊరికి విత్తనమని వాళ్ళకు తెలుసు. కొలతలు కొలిచేవాళ్ళు డేరా ఎందుకు, ఎక్కడ వేస్తారన్నది మాత్రం వాళ్ళకు తెలియదు. అడిగి తెలుసుకోవలసిన ఉద్యోగం నాది. నేనూ అడగలేదు.

ఆ రోజుల్లోనే పేపర్లో జపాన్ రైళ్ళ మీద ఒక పెద్ద వ్యాసం వచ్చింది. బాణంలా పోయే రైళ్ళు, వాటి కోసం పాత ఊళ్ళకు దూరంగా కట్టిన కొత్త స్టేషన్లు, ఆ స్టేషన్ల చుట్టూ లేచిన పట్టణాలు. హోటల్లో కూర్చుని, ముందుగా చూసుకోకుండానే పైకి చదవడం మొదలుపెట్టాను. వరి పొలాల నడుమ కట్టిన ఒక స్టేషన్ దగ్గర కొన్నేళ్ళలోనే ఆఫీసులు, హోటళ్ళు, అంగళ్ళు వెలిశాయన్న చోటికి వచ్చేసరికి అక్క గ్లాసులు కడగడం ఆపింది.

"వరి పొలంలనా?"

"వరి పొలంలోనే."

"మన తీరుగనే?"

"మన తీరుగనే. మొదట్లో ఎవరూ నమ్మలేదట. అక్కడ ఎవడు దిగుతాడని నవ్వారట."

బెంచీ చివర కూర్చున్న ఒక ముసలి రైతుకు ఇంకో అనుమానం వచ్చింది. "గంత జోరుగ పోతే బండిల కూసున్నోడు చాయ్ ఎట్ల తాగుతడు? మీద ఒలుకదా?"

"బండిల ఎందుకు తాగుతడు మామా," అన్నాడు అక్క భర్త పొయ్యి ఊదుతూ, "దిగి మన కాడ తాగుతడు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ ఊరికి వచ్చాక పదిమంది నవ్వులో నా నవ్వు కలవడం అదే మొదలు. అంతలో బస్సు హారను మోగింది. మూటలు, సంచులు, పిలుపులు. బెంచీ ఖాళీ అయింది. వ్యాసం సగంలో ఆగిపోయింది.

మిగతా సగం సాయంత్రం గదిలో చదువుకున్నాను. అట్లా కట్టిన స్టేషన్లన్నీ పట్టణాలు కాలేదని అందులో ఉంది. అయినచోట దగ్గర్లోనే పెద్ద నగరం ఉంది, వేరే రైలు మార్గాలు వచ్చి కలిశాయి, ప్రభుత్వం రోడ్లు వేసి ఆఫీసులు తరలించింది. అవేవీ లేనిచోట రైలు ఆగుతుంది, కొద్దిమంది దిగి ఇళ్ళకు పోతారు, పొలాలు పొలాలుగానే ఉన్నాయి. దిగినవాడికి అక్కడ పనేమిటి అన్నదే అసలు ప్రశ్న అని రాశాడు వ్యాసకర్త. మంచి వ్యాసం. నేను డెస్కులో ఉంటే ఒక్క వాక్యం కూడా తీసేవాణ్ణి కాదు.

మర్నాడు హోటలుకు వెళితే ఇరవైమంది దాకా కూర్చుని ఉన్నారు. నా బెంచీ మీద నాకు చోటు వదిలిపెట్టారు. "జపాన్‌ది మల్ల చదువు సారూ" అన్నారు. చదివాను. నిన్న చదివిన సగమే చదివాను. బస్సు రావడానికి ఇంకా చాలాసేపు ఉంది, రెండో సగం పేపర్లో నా కళ్ళ ముందే ఉంది. దాని అంచు దగ్గర ఆగి, పేపరు మడిచాను. ఎదురుగా ఇరవై ముఖాలు వెలిగిపోతున్నాయి. ఒకాయన నా భుజం మీద చెయ్యి వేసి, సారు మన మనిషే అన్నాడు. రెండో సగం చదివితే ఆ చెయ్యి తీస్తాడేమోనని అనిపించింది. కారణం అంతే. ఇంతకన్నా గౌరవమైన కారణం కోసం చాలాసార్లు వెతికాను, దొరకలేదు.

అందరూ వెళ్ళాక అక్క వచ్చి నా ఎదురుగా కూర్చుంది. ఆమె గిరాకీ ముందు కూర్చోగా ఎప్పుడూ చూడలేదు.

"సారూ, మేం గా డేరాల కాడికి పోదామనుకుంటున్నం. ముందుగాల పోయినోనిదే జాగ. కని ఈ మూల ఇడిస్తే మల్ల దొరకది. కిరాణం సేటు ఎప్పటి సంది కన్నేసి కూసున్నడు."

"బాగా ఆలోచించుకోండి అక్కా."

"ఆలోచన మాకు రాదనే నిన్నడుగుతున్న. పేపర్ల అబద్ధం రాయరు గద?"

"అబద్ధం రాయరు."

"గంతే చాలు," అని లేచింది. జపాన్ కాగితం తనకిమ్మంది. ఇచ్చాను.

పదిరోజుల్లో బస్టాండు మూల ఖాళీ చేసి వెళ్ళిపోయారు. వాగు ఒడ్డున వెదురు తడికలతో హోటలు లేపారు. తడికకు గంజి పూసి కాగితాలు అంటించడం అక్కడి అలవాటు. చాయ్ పోసే చోటికి ఎదురుగా, అందరికీ కనిపించేట్టు జపాన్ వ్యాసం అంటించింది. వాళ్ళ వెనకే ఒక సైకిల్ మరమ్మతు వాడు, ఒక దర్జీ, ఒక పాన్ డబ్బా వచ్చాయి. గొలుసు పట్టడానికి, పొదలు కొట్టడానికి చుట్టుపక్కల గూడేల వాళ్ళు పనికి వచ్చేవాళ్ళు. వాళ్ళతో వాళ్ళ ఆడవాళ్ళు ఇప్పపువ్వూ చింతపండూ తెచ్చి అమ్ముకునేవాళ్ళు. ఎర్రబస్సు కండక్టరు "స్టేషన్, స్టేషన్" అని అరిచి మరీ దింపేవాడు. రెండు నెలలు ఆ చోటు నిజంగా ఊరిలాగే ఉంది. అడవి నడుమ కొత్త పట్టణం మొలుస్తోందని నేను వార్త రాశాను. చుట్టూ గీతలు గీసి బాక్సు కట్టి వేశారు.

సిరోంచలో నా మధ్యాహ్నాలు మాత్రం ఒట్టిపోయాయి. బస్టాండు మూలలోకి సేటు కొట్టు వచ్చింది. దాని ముందు బెంచీ లేదు. పేపరు తెచ్చుకుని గదికి పోయి, స్టవ్వు వెలిగించి, లోపల లోపల చదువుకునేవాణ్ణి. నన్ను మన మనిషి అన్నాయన కనిపిస్తే నమస్తే పెట్టి దాటిపోయేవాడు. ఆదివారాలు సైకిలు మీద వాగు దాకా పోయి, అక్క చేతి అటుకుల పోహా తిని తిరిగి వచ్చేవాణ్ణి. వారంలో మాట్లాడే మాటలన్నీ ఆ ఒక్క పూటకే.

ఎండలు ముదరకముందే సర్వే వాళ్ళు డేరాలు విప్పారు. ఆ రోజు నేనక్కడే ఉన్నాను. వాళ్ళ ఇంజనీరు ఉత్తరాది మనిషి, నెమ్మదస్తుడు. స్టేషన్ ఇక్కడే కదా అని హిందీలో అడిగాను.

"ఇక్కడా?" అన్నాడు వింతగా. "ఎవరన్నారు?"

"మీ డేరాలు ఇక్కడే వేశారు కదా."

"పానీ ఇధర్ హై, భాయీ," అన్నాడు వాగు వైపు చెయ్యి చూపించి. నీళ్ళున్నాయని అక్కడ దిగారు, అంతే. వాళ్ళు కొలిచిన దారి ఆ వాగుకు చాలా అవతల, గుట్టల వెనక నుంచి పోతుంది. స్టేషన్లు ఎక్కడన్నది ఇంకా ఎవరూ అనుకోలేదు. తన పని కొలిచి రాసి ఇవ్వడం వరకేనని, ఆ తర్వాత మార్గం పడుతుందో లేదో తనకు తెలియదని చెప్పి జీపెక్కాడు.

నెల కింద అడిగి ఉంటే అదే జవాబు వచ్చేది. ఏడు మైళ్ళు సైకిలు తొక్కి ప్రతి ఆదివారం వెళ్ళినవాణ్ణి, పోహా తిని వచ్చాను.

పాన్ డబ్బా ఆ వారమే పోయింది. సైకిలు వాడు, దర్జీ తర్వాత. ఇంజనీరు చెప్పింది అక్కకు చెప్పాను. ఆమె కొట్టిపారేసింది.

"వాళ్ళకేం తెలుస్తది సారూ, కొలిచి పోయెటోళ్ళకు? జపాన్‌ల గూడ మొదట్ల ఎవలు నమ్మలేదని నువ్వే చదివినవ్ గద. ఎవడు దిగుతడని నవ్విండ్రంట గద."

"నవ్విండ్రు, నవ్విండ్రు," అన్నాడు భర్త. "ఈడ నవ్వెతందుకు గూడ ఎవడు లేడు. మల్ల సిరోంచ పోదాం పావే."

"పోయి ఏడ కూసుంటవ్? సేటు గద్దె మీదనా?"

ఆయన పొయ్యిలోకి ఇంకో కట్టె తోశాడు. ఇంజనీరు మాటకు ఎదురుగా నేను చదివిన సగం నిలబడి ఉంది. రెండో సగం చెబితే, మొదటే ఎందుకు చెప్పలేదని అడుగుతుంది. ఆ ప్రశ్నకు భయపడి ఎండాకాలమంతా గడిపాను. దారిన పోయే లారీలకు, అప్పుడప్పుడు దిగే ఒకరిద్దరికి చాయ్ పోస్తూ వాళ్ళు గడిపారు.

వానలు పడ్డాయి. వాగు పొంగింది, బస్సు ఆగింది. సైకిలు పోయే దారి కాదు. ఆరేడు వారాలు నేను వెళ్ళలేకపోయాను. ఆ ఆరేడు వారాల్లో ఎవరితోనైనా నిండుగా నాలుగు మాటలు మాట్లాడిన గుర్తు లేదు.

దారి తెరుచుకున్నాక వెళ్ళాను. తడికల కింది భాగం నాని నల్లబడింది. భర్త పొయ్యి దగ్గర తడి కట్టెలతో కుస్తీ పడుతున్నాడు. అక్క చాయ్ ఇచ్చింది, తాగేదాకా ఆగింది. తర్వాత గోడ దగ్గరికి పోయి జపాన్ కాగితం కింది వరస మీద వేలు పెట్టింది.

"సారూ, గిది చదువు."

నేను గ్లాసు పక్కన పెట్టాను.

"మంచిర్యాల లారీ డ్రైవర్ ఒకడు వాగు పొంగితే మూడొద్దులు ఈడనే చిక్కువడ్డడు. పొద్దు పోక గోడ మీదున్నదంత చదివిండు. సబ్బుల అడ్వర్టైజ్ గూడ ఇడువలె. గిది గూడ చదివిండు. నువ్వు చదువు, నేను ఇంట."

చదివాను. స్టేషన్లన్నీ పట్టణాలు కాలేదు అన్న దగ్గర నుంచి చివరి దాకా చదివాను. దిగినవాడికి అక్కడ పనేమిటి అన్న వాక్యం దగ్గర నా గొంతు తగ్గిపోతే, "పెద్దగ" అంది.

అయిపోయాక అడిగింది. "నీకు ఎర్కేనా గిది?"

"తెలుసు."

"ఎప్పటి సంది?"

"ఆ రోజు సాయంత్రం నుంచి."

"పోనియ్యే," అన్నాడు భర్త పొయ్యి దగ్గర నుంచి. "ఆయనేమన్న స్టేషన్ కడ్తనన్నడా?"

"నువ్వూకో," అని ఆమె నావైపే చూస్తూ ఉంది. "నాకు అక్షరం రాదు సారూ. వస్తే నిన్నెందుకు అడుగుత? పేపర్ల అబద్ధం రాయరు గద అని నిన్ను అడిగిన. రాయరన్నవ్. రాయలె. నిజమే. మరి ఎందుకు చెప్పలె?"

అబద్ధం చెప్పే శక్తి కూడా లేకపోయింది. "అందరూ వచ్చి కూర్చుంటున్నారు అక్కా. అది చదివితే లేచిపోతారనుకున్నాను."

ఆమె నన్ను కొత్తగా చూసింది. "గందుకా?" అంది. కోపం రావలసిన చోట అంతకన్నా కష్టమైనదేదో వచ్చింది ఆమె ముఖంలోకి. "కూసునెతందుకు మనుషులు కావాల్నంటే అడుగకపోయినవా? మేం కూసుంటుంటిమి గద. రెండు పూటల నీకు బువ్వ వెట్టినోళ్ళం."

తిరిగి వస్తూ సైకిలు చాలాదూరం నడిపించుకునే వచ్చాను.

మరుసటి ఆదివారం పోవడానికి ముఖం చెల్లలేదు. ఆ పై ఆదివారం పోతే తడికలు మాత్రమే ఉన్నాయి. గిన్నెలు, బెంచీలు, పొయ్యి మీది ఇనుప కడ్డీలు లేవు. పడవ నడిపేవాళ్ళను అడిగితే, నాలుగు రోజుల కిందటే సామానుతో గోదావరి దాటారని చెప్పారు. మంచిర్యాలకు. స్టేషన్ రాకపోతే స్టేషన్ ఉన్న కాడికే పోతమని అక్క పడవలో అన్నదట. లారీ డ్రైవరు అక్కడెవరికో చెప్పి చోటు చూసిపెట్టాడట. రేవుకు పోవాలంటే నా గది ముందు నుంచే దారి. నేను ఆ రోజు గదిలోనే ఉన్నాను.

తర్వాత ఏడాది పత్రిక పని మీద హైదరాబాదు పోయి వస్తూ మంచిర్యాలలో రైలు దిగాను. స్టేషన్ బయట ఒక వరసగా హోటళ్ళు, బండ్లు. వ్యాసంలో చెప్పినవన్నీ అక్కడ ఉన్నాయి. దిగినవాడికి పని ఉంది, ఎక్కేవాడికి తొందర ఉంది, ఆఫీసులున్నాయి, అన్ని వైపులకూ బస్సులున్నాయి. అక్కను వెతకడానికి ఎక్కువసేపు పట్టలేదు. చెక్కబండి వెనక నిలబడి ఉంది. కొంచెం చిక్కింది. నన్ను చూసి, చాయ్ పోసి ఇచ్చింది.

"ఎట్లుంది అక్కా?"

"మంచిగనే ఉంది. బండి వచ్చినప్పుడల్ల గిరాకే. మా ఆయనకు రెండో పొయ్యి పెట్టిచ్చిన, గా పక్కకు."

"నా మీద కోపం ఉందా?"

"కోపం పట్టుకోని కూసునెతందుకు ఈడ టైమేది సారూ?" అని ఇంకొకరికి గ్లాసు అందించింది.

నేను అటూ ఇటూ చూశాను. బెంచీ లేదు. అడిగాను.

"ఈడెవలు కూసుంటరు? నిలవడి తాగి పోతరు. పొద్దుగాల తాగినోడు పొద్దుమీకి కనవడడు. పేరు గూడ అడుగరు." గొంతులో ఫిర్యాదు లేదు. సిరోంచలో ఎప్పుడూ చూడనంత గిరాకీ ఆమె బండి చుట్టూ ఉంది. "నువ్వేడ తింటున్నవ్ ఇప్పుడు?"

"గదిలోనే."

"మంచిది," అంది.

ఇంకేదో అడగబోయిందనిపించింది. అంతలో స్టేషన్ లోపల గంట మోగింది. సంచులు పట్టుకుని నలుగురైదుగురు నా వెనక నుంచి తోసుకొచ్చారు.

"జర జరుగు సారూ, వాళ్ళ బండి టైమైంది."

జరిగాను. ఖాళీ గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలో పట్టుకుని నిలబడ్డాను. ఆమె ఒక చేత్తో చాయ్ పోస్తూనే రెండో చెయ్యి చాపి, నావైపు చూడకుండా గ్లాసు తీసుకుని నీళ్ళ బకెట్లో వేసింది.